కోనసీమలో గెస్ట్ హౌస్ కట్టాలనుకుంటే భాద్రపదంలో వచ్చి స్థలం చూడండి

ఇక్కడ స్థలం కొనడానికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో వస్తారు. పిల్లలకు సెలవులు, మామిడిపళ్ళు, కొబ్బరితోట నీడ. అప్పటికి దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోయి, కాలవలు కట్టేసి (నీళ్ళు ఆపేసి), చేలు నెర్రెలిచ్చి ఉంటాయి. గునపంతో నాలుగడుగులు తవ్వి చూపిస్తే గుంత పొడిగానే ఉంటుంది. దళారి ఆ గుంత చూపించే బేరం ముగిస్తాడు. అదే గుంత సెప్టెంబరులో చూస్తే అడుగున్నర లోతులోనే నీళ్ళు తళతళలాడుతుంటాయి. పైన వాన, పక్కన నిండు కాలవ, చుట్టూ సార్వా (ఖరీఫ్ వరి) చేలు, అవతల ఎర్రనీళ్ళతో గోదావరి. నీరు దిగడానికి చోటుండదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ నేల తడి ఒక్క వాన మీదే ఆధారపడింది కాదు. కాలవ ఎప్పుడు వదిలారు, ఎప్పుడు కట్టేశారు అన్నది కూడా మీ పెరట్లో నీటిమట్టాన్ని నిర్ణయిస్తుంది. గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకూ మధ్యనున్న కోనసీమలో ఇది మరీ ఎక్కువ. కాబట్టి హోమ్‌స్టే అయినా, రిసార్టు అయినా, నాలుగు గదుల అతిథి గృహమైనా, ఏడాదిలో నీళ్ళు బాగా పైకొచ్చే నెలకే డిజైన్ చెయ్యాలి. కప్పు మీద సోలార్ పలకలు, గదిలో వెదురు బ్రష్షులు తర్వాత సంగతి. పర్యావరణ హితం అని బోర్డు పెట్టి వెనక నుంచి నాలుగంగుళాల పైపు పంట కాలవలోకి వదిలిన చోట్లు మన దగ్గర తక్కువేం కాదు.

ముందు కొలత. పదడుగుల పొడవు, నాలుగంగుళాల వ్యాసం ఉన్న పీవీసీ పైపు తీసుకుని, కింది ఆరడుగులకు చిల్లులు పొడిచి, నైలాన్ వల చుట్టి, చేతి బోరుతో దింపండి. చుట్టూ ముతక ఇసుక పోసి, పైన ఒక అడుగు బంకమట్టితో మూసెయ్యండి. అలా మూయకపోతే వాననీరు పైపు వెంబడే జారి తప్పు లెక్క చూపిస్తుంది. జూన్‌లో కాలవ వదిలిన దగ్గర్నుంచి నవంబరు దాకా వారానికోసారి కర్ర దింపి తడి ఎంత దాకా ఉందో రాసుకోవాలి. దూరంగా ఉండేవాళ్ళైతే తోటలో కొబ్బరికాయల దింపు తీసే మనిషికి చెప్పినా రాసిపెడతాడు. ఈ ఆరు నెలల కాగితం ఒక్కటి చేతిలో ఉంటే ఇంజనీరుతో సగం వాదన తప్పుతుంది.

రెండోది వరద గుర్తు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. ఆ అంకెలు మీ గుమ్మం దగ్గర ఎంతకు సమానమో పుస్తకంలో దొరకదు, ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర దొరుకుతుంది. "86 వరదకి ఎందాకా వచ్చిందండీ? మొన్న 2022 జులైలో?" అని అడగండి. గోడ మీదో, గుడి అరుగు మీదో చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ ఎత్తును నీళ్ళు నింపిన లెవెల్ ట్యూబుతో మీ స్థలానికి తెచ్చుకోండి. స్థలం ఏటిగట్టుకు లోపల నది వైపుందా, బయటుందా అన్నది ముందే తేల్చుకోవాలి. గట్టు లోపలి లంక భూమి చవగ్గా వస్తుంది, నది కనిపిస్తుంది, ఫొటోలు అదిరిపోతాయి. కానీ అది నదికి చెందిన చోటు. పైగా ఒడ్డు కోత వైపుందా, మేట వైపుందా చూడాలి. మట్టి నిలువుగా తెగి, చెట్ల వేర్లు గాలిలో వేలాడుతుంటే అది కోత. అక్కడ గది కట్టకండి, కుర్చీలు వేసుకోండి చాలు.

ఇక మెరక. స్థలం పల్లంగా ఉంటే మొత్తం మట్టి పోసి మెరక చేసెయ్యడం ఇక్కడి అలవాటు. లెక్క చూడండి. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మూడడుగులు లేపాలంటే లక్షా ముప్ఫై వేల ఘనపుటడుగులు, యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు కాబట్టి 1,300 యూనిట్లు. అణిగిపోయేదానికి ఇరవై శాతం కలిపితే ట్రాక్టర్‌కు యూనిట్ చొప్పున 1,500 పైచిలుకు ట్రిప్పులు. ఆ మట్టి ఎక్కడిదో ఒక చోట గొయ్యి చేసి తెచ్చిందే. అంతకంటే ముఖ్యం, ఇదివరకు మీ ఎకరంలో నిలిచే వాననీళ్ళు ఇప్పుడు పక్కవాడి కొబ్బరితోటలోకి పోతాయి. మీ తోటలో పాత చెట్లు కూడా దెబ్బతింటాయి. కొబ్బరి పనిచేసే వేర్లు ఎక్కువగా మొదలు చుట్టూ ఆరేడు అడుగుల లోపల, అడుగు నుంచి నాలుగడుగుల లోతులో ఉంటాయి. వాటి మీద మూడడుగుల బొండు (నింపుడు) ఇసుక పోసి తొక్కిస్తే గాలి ఆడదు. మట్ట పసుపెక్కుతుంది, పిందె రాలుతుంది, తెగులని మందు కొడతారు.

దానికి బదులు గదుల కింద మాత్రమే లేపితే చాలు. ఎనిమిది గదులు, ఒక్కోటి 300 చదరపు అడుగులు అనుకుంటే 2,400 చదరపు అడుగులు. నాలుగడుగుల బేస్‌మెంట్‌కు (గది గచ్చు కింద నింపే ఎత్తుకు) వంద యూనిట్ల లోపే సరిపోతుంది. స్తంభాల మీద కడితే అదీ అక్కర్లేదు, వరద కింద నుంచి పోతుంది. లంక ఊళ్ళలో పాత ఇళ్ళ అరుగులు ఎందుకంత ఎత్తుగా ఉంటాయో చూస్తే తెలుస్తుంది, వాళ్ళు దొడ్డంతా మెరక చేసుకోలేదు.

ఆ నాలుగడుగుల బేస్‌మెంట్ వరద కోసమే కాదు, అసలు అవసరం మరుగుదొడ్డి పైపుకు. దీని మీదే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

మామూలుగా ఏం చేస్తారంటే, సిమెంటు వరలు నాలుగైదు దింపి, అడుగున ఖాళీ వదిలేసి, పైన మూత పెట్టి సెప్టిక్ ట్యాంకు అంటారు. అది ట్యాంకు కాదు, మలం భూగర్భ జలంలో కలిసే నుయ్యి. మే నెలలో బాగానే ఇంకుతుంది. భాద్రపదం వచ్చేసరికి వరల్లో నీరు చుట్టూ ఉన్న నీటితో సమానమవుతుంది, ఫ్లష్ చేస్తే వెనక్కి తన్నుతుంది. అప్పుడు ప్లంబర్ వచ్చి పక్కకు ఓవర్‌ఫ్లో పైపు వేసి కాలవలోకి కలిపేస్తాడు. ఆ పంట కాలవ నీళ్ళతోనే కాలవ కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుతారు. మార్చిలో మీ అతిథులు వదిలింది మే నెలలో ఊరంతా తాగుతుంది, వాళ్ళకు మీరు పోసే కాఫీ కూడా అందులోదే.

ట్యాంకు నీళ్ళను నేలలోకి ఇంకించే ఇంకుడు గుంత పనిచేస్తుందో లేదో తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. అడుగు లోతు గొయ్యి తీసి, రాత్రంతా నీళ్ళతో నానబెట్టి, పొద్దున మళ్ళీ పోసి, అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడాలి. అరగంట లోపు దిగితే నేల పీలుస్తుంది. గంట దాటితే ఇంకుడు గుంత మాట మర్చిపోండి. ఈ పరీక్ష కూడా సెప్టెంబరులోనే చెయ్యాలి, ఎండిన నల్లమట్టి నెర్రెల్లోంచి మేలో నీళ్ళు దిగిపోతుంటే ఆశ పుడుతుంది. ఒకవేళ నేల పీల్చినా, నీటిమట్టం ఆరడుగుల లోపుంటే గుంత ప్రసక్తి లేదు. మన దగ్గర చాలా చోట్ల ఉండేది అంతే.

ఎనిమిది గదులకు లెక్క వేద్దాం. పదహారు మంది అతిథులు, మంచానికి 180 లీటర్లు, పనివాళ్ళు నలుగురు. రోజుకు సుమారు 3,000 లీటర్లు. సంక్రాంతికి ఇది తప్పుతుంది. ఎనిమిది గదుల్లో నలభై మంది దిగుతారు, పందేలు చూసి వచ్చి కాళ్ళు కడుక్కుంటారు, ఆ లెక్కన ఏడు వేల లీటర్లు దాటుతుంది. భీష్మ ఏకాదశికి అంతర్వేది కల్యాణం, కార్తీక మాసం వనభోజనాలు కూడా ఇలాంటివే. సగటుకు కట్టిన ట్యాంకు ఆ మూడు రోజుల్లోనే మడ్డిని బయటికి తోసేస్తుంది, ఒకసారి తోసిందంటే తర్వాత నీటిని వడకట్టే కంకరంతా పూడిపోతుంది. అందుకని 9,000 లీటర్లకు పోదాం. లోపల 12 అడుగుల పొడవు, ఐదున్నర వెడల్పు, నీటి లోతు ఐదడుగులు, పైన అడుగు ఖాళీ. మూడింట రెండొంతుల దగ్గర అడ్డగోడ. ఇన్‌లెట్, అవుట్‌లెట్ రెండింటికీ టీ ఆకారం పైపు ముక్కలు తప్పనిసరి, లేకపోతే తేలే తెట్టు నేరుగా బయటికి పోతుంది. చాలా ట్యాంకుల్లో అవుట్‌లెట్ టీ ఉండదు. రెండు నిమిషాల పని, మేస్త్రి మర్చిపోతాడు.

ఇప్పుడు మట్టాలు. నేలను సున్నా అనుకోండి. గది గచ్చు నాలుగడుగుల ఎత్తున ఉంది. మరుగుదొడ్డి బేసిన్ కింది వంపు (ట్రాప్) దాటి పైపు బయటికొచ్చేసరికి పద్నాలుగు అంగుళాలు దిగుతుంది, అంటే నేల మీద రెండడుగుల పదంగుళాల ఎత్తు. ట్యాంకు 33 అడుగుల దూరంలో ఉంటే నలభైకి ఒకటి వాలు చొప్పున పదంగుళాలు పోతాయి. ఇన్‌లెట్ రెండడుగుల ఎత్తున చేరింది. అవుట్‌లెట్ దానికి రెండంగుళాలు కింద. ట్యాంకుకు ఆనించి మూడున్నర అడుగుల మరో అర కట్టి, అందులో నాలుగడుగుల ఎత్తున ముప్పావంగుళం కంకర నింపి, నీరు కింది నుంచి పైకి ఎక్కేలా చెయ్యాలి. అక్కడ ఆరంగుళాలు పోతాయి. దారిలో మరో అంగుళం రెండంగుళాలు పోయి, చివరికి మొక్కల గుల్ల (కంకర నింపి మొక్కలు నాటిన తొట్టి) దగ్గరికి నీరు అడుగు మీద రెండు మూడంగుళాల ఎత్తున వస్తుంది. గుల్ల అడుగుభాగం నేలకు ఎనిమిది అంగుళాలు కిందకే పోయింది కాబట్టి అడుగున్నర లోతునున్న సెప్టెంబరు నీటికి అది తగలదు. మోటారు లేకుండా నీరు దానంతట అదే నడుస్తుంది.

అదే బేస్‌మెంట్ రెండడుగులే అయితే ప్రతి మట్టం రెండడుగులు దిగిపోతుంది. గుల్ల అడుగు రెండడుగుల ఎనిమిది అంగుళాల లోతులో, నీటిలో మునిగి ఉంటుంది. మోటారు పెట్టాలి. మోటారు పెడితే కరెంటు పోయిన రోజు పొంగుతుంది, గాలివాన రోజున కరెంటు ముందే పోతుంది.

 ఈ గుల్లలో నీరు పైకి కనబడకుండా కంకరలో పారాలి. మూడు రోజులు నిలిచేలా లెక్క వేస్తే, కంకర మధ్య ఖాళీ మూడో వంతు పైచిలుకు ఉంటుంది కాబట్టి, రెండడుగుల లోతుకు సుమారు 470 చదరపు అడుగులు కావాలి. 36 అడుగుల పొడవు, 13 వెడల్పు. సెంటు భూమి కంటే కాస్త ఎక్కువ, అంతే. అడుగున దళసరి పాలిథిన్ షీటు, దానికి కిందా మీదా రెండంగుళాల ఇసుక. రెండు చివర్లా అడుగున్నర మేర పిడికిలంతేసి రాళ్ళు, మధ్యలో అరంగుళం కంకర. మొక్కలు మెట్టతామర గానీ జమ్ము గానీ, అడుగుకొకటి. కాలవ గట్టున దొరికేవే, నర్సరీకి పోనక్కర్లేదు.

ఇది పాడయ్యే దారులు నాలుగైదు. కంకరను కడక్కుండా పోస్తే క్రషర్ పొడి అడుగున పేరుకుని ఆరు నెలల్లో మొదటి రెండు గజాలు మూసుకుపోతుంది. అప్పుడు నీరు పైకి తేలుతుంది, దోమలు, వాసన. అవుట్‌లెట్ దగ్గర తిప్పుకునే మోచేతి పైపు పెడితే నీటిని కంకర పైభాగానికి రెండంగుళాలు కిందనే ఉంచుకోవచ్చు. షీటుకు శత్రువులు పీతలు, పందికొక్కులు. చేలగట్టు పక్కనే గుల్ల కడితే పీత బొరియ చేసి షీటు కొరికేస్తుంది, అందుకే పక్క గోడలు మట్టితో కాకుండా ఇటుకతో ఎత్తాలి. మెట్టతామరను ఏడాదికి రెండుసార్లు కొయ్యకపోతే ఎండిన ఆకు మళ్ళీ అందులోనే కుళ్ళుతుంది.

ట్యాంకు తేలడం ఇంకో సంగతి. మన ట్యాంకు సిమెంటు కాంక్రీటుతో ఆరంగుళాల గోడలు కడితే పై మూత కాకుండా బరువు సుమారు పన్నెండు టన్నులు. బయటి కొలత 13 అడుగులు, ఆరున్నర. బేస్‌మెంట్ తక్కువై ట్యాంకు పూర్తిగా నేలలో దిగిపోయి, పెరట్లో నీళ్ళు నేల మట్టానికి వచ్చినప్పుడు దాన్ని ఖాళీ చేస్తే, పైకి తోసే బలం పదమూడున్నర టన్నులు. అంటే ట్యాంకు పడవైపోవచ్చు. అంగుళం లేచినా పైపులు తెగుతాయి, బీటలోంచి ఏడాది పొడుగునా భూమిలోకి కారుతుంది, ఎవరికీ తెలియదు. పైన చెప్పిన ఎత్తులో కట్టినదానికి అదే పరిస్థితిలో తొమ్మిది టన్నుల లోపే, నిలబడుతుంది. ప్లాస్టిక్ ట్యాంకులు తేలికని కొంటారు. పూర్తిగా మునిగిన 9,000 లీటర్ల ఖాళీ ట్యాంకును నీరు తొమ్మిది టన్నుల బలంతో ఎత్తుతుంది, దాని సొంత బరువు కొన్ని వందల కిలోలు. పెట్టితీరాలంటే కింద కాంక్రీటు పలక వేసి నైలాన్ పట్టీలతో కట్టెయ్యాలి. ఏ ట్యాంకైనా సరే, తోడించడం కాలవలు కట్టేసిన రోజుల్లోనే. వర్షాకాలంలో నిండిందని టాంకర్ పిలిస్తే సగం మాత్రమే తోడమనండి.

గుల్లలోంచి వచ్చిన నీళ్ళు తాగడానికి కాదు, కూరపాదులకూ కాదు. కొబ్బరి మొదళ్ళ చుట్టూ తీసిన పళ్ళాలకు సరిగ్గా సరిపోతాయి. ఎండాకాలం చెట్టుకు రోజుకు యాభై అరవై లీటర్లు అనుకుంటే 3,000 లీటర్లు యాభై చెట్లకు వస్తాయి, ఎకరానికి డెబ్బై చెట్లుంటాయి. వానాకాలంలో చెట్టుకు అక్కర్లేదు, అప్పుడు మురుగు కోడులోకి (మురుగు కాలవలోకి) వదలాలి. పంట కాలవలోకి మాత్రం ఏ నెలలోనూ వద్దు. సముద్రానికి దగ్గరైతే కోడు పోటు సమయంలో వెనక్కి తంతుంది, పైపు చివర ఒకవైపే తెరుచుకునే తలుపు వాల్వు పెట్టుకోండి.

గదులు నడపడం మొదలయ్యాక ట్యాంకును చంపేది యాసిడ్. ఇక్కడి బోరు నీళ్ళలో చాలా చోట్ల ఇనుము ఉంటుంది, తెల్ల బేసిన్ వారంలో తుప్పు రంగుకు తిరుగుతుంది. అతిథి వచ్చేలోపు మెరవాలని పనిమనిషి సీసా సీసా యాసిడ్ పోస్తుంది. ట్యాంకులో మలాన్ని అరగదీసే సూక్ష్మజీవులు చస్తాయి, వాసన మొదలవుతుంది, వాసనకు ఫినాయిల్ పోస్తారు. ఆమెను తిట్టి లాభం లేదు, ఇనుము తియ్యాలి. నీటిని చిల్లుల పళ్ళేల మీద నుంచి మూడు నాలుగు మెట్లుగా జల్లులా పడనిచ్చి, గాలి తగిలాక ఎర్రగా విరిగిన ఇనుమును ఇసుక ఫిల్టర్‌లో ఆపితే చాలు. ఇసుకను వారానికోసారి ఎదురు నీటితో కడగాలి. వంటగది సింకుకు వేరే జిడ్డు తొట్టి కట్టుకోండి, చేపల వేపుడు నూనె ట్యాంకులోకి పోతే పైన కొవ్వు పలకలా గడ్డకడుతుంది.

బోరు సంగతికొస్తే, లోతుకు పోతే మంచి నీళ్ళొస్తాయన్న నమ్మకం తీరం దగ్గర తలకిందులు. ఇక్కడ తీపి నీరు ఉప్పునీటి మీద తేలే పలుచటి పొర. పైన అడుగు తీపి నీరు తగ్గితే కింద ఉప్పు నలభై అడుగుల దాకా పైకి రావచ్చు. అందుకే పెద్ద మోటారుతో ఒకే చోట గంటల తరబడి తోడకండి. తక్కువ లోతు ఫిల్టర్ పాయింట్లు (చిన్న గొట్టపు బావులు) రెండు మూడు దూరదూరంగా వేసి, చిన్న మోటార్లతో వంతుల వారీగా తోడితే నిలుస్తుంది. పక్కన రొయ్యల చెరువుంటే కొనే ముందే నీటి పరీక్ష, కొన్నాక ఏటా ఓసారి. కప్పు మీద వాననీరు వదిలెయ్యకండి. వెయ్యి మిల్లీమీటర్ల వానకు వంద చదరపు మీటర్ల కప్పు నుంచి ఎనభై వేల లీటర్లు వస్తాయి, దుప్పట్లు ఉతకడానికి ఇంతకంటే మెత్తటి నీళ్ళు దొరకవు.

ఉప్పు బోరు నీళ్ళతో కాంక్రీటు కలపొద్దు. ఇనుప కమ్మీ ఉన్న కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రపు గాలి తగిలే చోట ఎం30 రకం కాంక్రీటు, కమ్మీకి 45 మిల్లీమీటర్ల కవరు (కమ్మీ మీద కాంక్రీటు పొర). మేస్త్రి రాయిముక్క పెట్టి ఇరవైతో సరిపెడతాడు. పదేళ్ళలో శ్లాబు పెచ్చులూడేది అందుకే.

సముద్రం వైపు స్థలమైతే తీర మండల నిబంధనలు (సీఆర్‌జెడ్) చూసుకోవాలి. 2019 జనవరి నోటిఫికేషన్ ప్రకారం 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే ఎక్కువున్న పల్లెల్లో పోటు గీత (పోటు సమయంలో సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి 50 మీటర్లు, మిగతా పల్లెల్లో 200 మీటర్ల లోపల కట్టకూడదు. నది పాయల వెంట కూడా, ఎండాకాలంలో లీటరుకు ఐదు గ్రాముల ఉప్పున్నంత దూరం తీర మండల నిబంధనలు వస్తాయి. సముద్రం కనబడకపోయినా మీ స్థలం అందులో ఉండొచ్చు, ఆమోదమైన పటం అడిగి చూడండి. మడచెట్లున్న చోట మాత్రం పటం కూడా అక్కర్లేదు, వదిలెయ్యండి.

చివరగా టాంకర్ డ్రైవరును ఒక్క మాట అడగండి, తోడిన మడ్డి ఎక్కడ పోస్తున్నావని. చాలాసార్లు జవాబు ఊరి చివర మురుగు కాలవ. శుద్ధి కేంద్రం అందుబాటులో లేకపోతే మే నెలలో, ఫిల్టర్ పాయింట్లకూ కాలవకూ దూరంగా, కొబ్బరి వరసల మధ్య రెండడుగుల కందకం తీసి, సున్నం చల్లి, అందులో పోయించి పైన అడుగు మట్టి కప్పించండి. జూన్‌లో కాలవ వదలకముందే ఆ పని అయిపోవాలి, ఒక్క వారం ఆలస్యమైనా కందకంలో నీరూరుతుంది.